ఇర్యా కొట్టు గోడ మీది బంపరు

మంచు టైర్లు కావాలని వచ్చినవాణ్ణి ఇర్యా నీ కారేమిటని అడగదు. పొద్దున్నే ఏ దారిన పోతావు, మంచు తీసే బండి నీకంటే ముందు పోతుందా వెనక పోతుందా, మీ మలుపులో ఎండ ఏ నెలలో పడుతుంది, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆకలిమీద తొందరపడే రకమా నువ్వు, ఇవీ ఆవిడ ప్రశ్నలు. కొత్తవాళ్ళు బిక్కమొహం వేస్తారు. టైర్లు కొందామని వచ్చాం గానీ జాతకం చూపించుకుందామని రాలేదు కదా అనుకుంటారు. వాళ్ళల్లో ఎవరైనా పొరపాటున "రెండు చాలు, ముందు చక్రాలకి" అన్నాడో, ఇక అయిపోయాడన్నమాటే.

"ముందు చక్రం జారితే నువ్వు వెళ్ళి చెట్టుని గుద్దుతావు నాయనా. వెనక చక్రం జారితే చెట్టే వచ్చి నిన్ను గుద్దుతుంది. నీకేది కావాలో తేల్చుకుని రా" అంటుంది. అలా అని పంపించెయ్యదు. నాలుగూ అమ్మి, వాటిలో గాళ్ళు కాస్త లోతున్నవి రెండూ వెనక్కి వేసి, మూడొందల కిలోమీటర్లదాకా మెల్లగా పో, టైరుకి దిగ్గొట్టిన ఇనుప మేకులు రబ్బర్లో కుదురుకోవాలి, వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించుకో అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ పంపిస్తుంది.

కూసివోమా అనే మా ఊరు ల్యాప్‌లాండ్‌లో పటం మీద వేలు పెడితే గోరు కింద దాగిపోయేంత ఊరు. మూడొందల గడప, ఒక బడి, ఒక సరుకుల కొట్టు, బడి మెరక మొదట్లో ఇర్యా టైర్ల కొట్టు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పన్నెండో ఏట వాళ్ళ నాన్న ఒక డబ్బాడు మేకులు ముందు పోసి వంకరవి ఏరమన్నాడట, ఆ ఏరడం ఇప్పటిదాకా ఆగలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అంటే, అక్టోబరులో పెళ్ళాడేవాడు ఎవడూ దొరకలేదు, మిగతా నెలల్లో నాకు తోచలేదు అంటుంది. నన్నడిగితే ఆవిడ చేతులు చూడాలి. సున్నాకి ముప్ఫై డిగ్రీల కింది చలిలో తొడుగు తీసేసి టైరు మీద బొటనవేలు నొక్కుతుంది. గోరు దిగితే మంచిది, దిగకపోతే పక్కన ఉన్న నాలుగంకెలు ఉమ్మితో తుడిచి చదువుతుంది. అవి ఆ టైరు ఏ వారం, ఏ ఏడు పుట్టిందో చెప్పే అంకెలు. పాతదైతే గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా సరే, ఎండిన రై రొట్టెకి వెన్న రాసినట్టే, లాభం లేదు అని పక్కన పడేస్తుంది. ఆవిడ చేత్తో టైరు వేసిన కారు ఆవిడ తప్పువల్ల దారి తప్పిందని ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కరూ అనలేదు.

ఇంత మనిషికీ ఒక జబ్బుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇనుప మేకులు దిగ్గొట్టిన టైరే టైరు, మేకుల్లేని మెత్త టైర్లు దక్షిణాన పట్నంవాళ్ళ సోకు, అంతే. నిజానికి గడ్డకట్టిన పొడి మంచు మీద మెత్త టైరు కూడా చక్కగానే పట్టు నిలుపుతుంది, పైగా చప్పుడు చెయ్యదు. తడి గడ్డ మీదే దానికి చేతకాదు. ఈ సంగతి ఇర్యాకి తెలీక కాదు. ఒప్పుకోదు, అదీ సంగతి.

ఈ ఒప్పుకోకపోవడం వల్లే తమ్ముడు దూరమయ్యాడు. నాన్న పోయాక కొట్టు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. అర్వీ ఆవిడకంటే అయిదేళ్ళు చిన్న. మెత్త టైర్లు కూడా తెచ్చి పెడదాం, అడుగుతున్నారు అన్నాడు. నా చూరు కింద వద్దంది. నేనే వేసుకుని చూపిస్తానని వాడు తన కారుకి వేసుకున్నాడు. నవంబరులో ఒకరోజు వాన పడింది. కోస్కి మలుపు దగ్గర ఏరు ఉరుకుతూ పారుతుంది, చలికాలమంతా గడ్డకట్టదు, ఆ నీటి ఆవిరి వచ్చి రోడ్డు మీద పేరుకుని అద్దమైపోతుంది. దానిమీద వానకూడా పడితే ఇక చెప్పక్కర్లేదు. అర్వీ కారు జారి భోజపత్రం చెట్టుకి కొట్టుకుని ఆగింది. మనిషికి దెబ్బ తగల్లేదు. ఇర్యా వెళ్ళి తాడుకట్టి లాక్కొచ్చింది. అప్పుడు కొట్టు ముందు పదిహేను కార్లు వరసలో ఉన్నాయి. వాళ్ళందరి ముందూ వంగిపోయిన ముందు బంపరు ఊడదీసి, కొట్టు గోడకి మేకులు కొట్టి వేలాడదీసింది. వరస వరసంతా పకపకా నవ్వింది. అర్వీ అక్కణ్ణుంచి నడిచి ఇంటికి పోయాడు, ఏడు కిలోమీటర్లు.

పదకొండేళ్ళయింది. అర్వీ కొట్టులో తన వాటా వదిలేసి, ట్రాక్టరు కొనుక్కుని, మంచు తీసే పనికి కుదిరాడు. అమ్మ చచ్చిపోతే చర్చిలో ఒకే బల్లమీద అటూ ఇటూ కూర్చున్నారు గానీ పలకరించుకోలేదు. బంపరు మాత్రం గోడమీదే ఉంది. ఎవరైనా మెత్త టైర్ల మాటెత్తితే ఇర్యా ఆ కథ చెప్పి, తలతో గోడవైపు చూపిస్తుంది. అందరూ నవ్వుతారు. మేమూ నవ్వాం, కాదనను.

ఇంతకీ ఈ ఏడు అక్టోబరులో తొలి మంచు పడిన మూడోనాడు వేయో వచ్చాడు. వేయో బడిపిల్లల టాక్సీ నడుపుతాడు. పొద్దున్నే ఆరుంబావుకి బయల్దేరి నలభై కిలోమీటర్ల అవతలి ఇళ్ళనుంచి పిల్లల్ని ఎక్కించుకుని బడికి తెస్తాడు. నెమ్మదైన మనిషి, నాలుగు మాటలు అడిగితే మూడింటికి జవాబు చెబుతాడు. వచ్చి, టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఇర్యక్కా, ఈసారి మేకుల్లేనివి వెయ్యి" అన్నాడు.

ఆవిడ గోడవైపు తల తిప్పబోయింది. వేయో నవ్వలేదు. సేలా గురించి అని చెప్పాడు.

సేలా ఎనిమిదేళ్ళ పిల్ల. టాక్సీ పోయే దారిలో చివరిదానికి చివర ఇల్లు, తల్లి కైసూ ఒక్కతే. పిల్లకి చప్పుడు పడదు. పడదంటే విసుగు కాదు, నొప్పి. మేకుల టైరు నల్లరోడ్డు మీద పడితే లోపల కూచున్నవాళ్ళకి రాళ్ళు విసురుతున్నట్టు మోత. రెండు చేతులూ చెవులకి నొక్కి పెట్టుకుని, నోటితో ఒక్కటే రాగం తీస్తూ, ముప్పావుగంట వణుకుతుందట. చెవులకి ఏవైనా తొడిగితే పీకి పారేస్తుంది, ఉన్ని టోపీకే ఇంట్లో రోజూ యుద్ధం. కిందటేడు ఫిబ్రవరినుంచి కారెక్కనంది. తల్లి బతిమాలింది, వేయో బతిమాలాడు, ఎక్కలేదు. అప్పుడప్పుడే క్లాసులో గొంతెత్తి చదవడం మొదలెట్టిన పిల్ల మళ్ళీ మూగైపోయింది. వేసవి టైర్లమీద మళ్ళీ ఎక్కింది గానీ, మొన్న పాత మేకులవి తగిలించిన దగ్గర్నుంచి మళ్ళీ ఆ రాగమే. ఈ ఏడు బడివాళ్ళు తేల్చి చెప్పారు. క్రిస్మస్ సెలవుల లోపల రోజూ బడికొస్తే సరే, లేకపోతే నూట ఎనభై కిలోమీటర్ల అవతల పట్నంలో ఇలాంటి పిల్లల బడి ఉంది, అక్కడ చేర్చాలి. వారమంతా అక్కడే పడుకోవాలి.

"ఇంట్లో మంచం జరిపితేనే మూడు రోజులు నిద్రపోదు ఆ పిల్ల" అన్నాడు వేయో.

ఇర్యా చేతులు తుడుచుకుంది. కోస్కి మలుపు సంగతి ఎవరికి తెలీదు కనక? మెత్త టైర్లేసి ముగ్గురు పిల్లల్ని ఆ మలుపు మీంచి రోజూ తిప్పమనడానికి ఆవిడకి నోరు రాదు. మేకులేసి ఆ పిల్లని తల్లినుంచి విడదీయడానికీ మనసొప్పదు. ఏదో ఒకటి అనేసి పంపించే మనిషైతే అక్కడితో కథ అయిపోయేది. రేపు పొద్దున్న నేనూ ఎక్కుతాను, కొట్టు పదింటికి తెరుస్తాను అంది. తొలి మంచు వారంలో కొట్టు పదింటికి తెరవడం అంటే మా ఊళ్ళో చర్చి గంట కొట్టకపోవడమే. వరసలో ఉన్నవాళ్ళు గొణిగారు, ఆవిడ వినిపించుకోలేదు.

మర్నాడు వెనక సీట్లో సేలా పక్కన కూర్చుంది. పిల్ల ఆవిడవైపు చూడలేదు. కారు కదలగానే చేతులు చెవుల మీదికి పోయాయి, రాగం మొదలైంది. ఇర్యా ముప్ఫై అయిదేళ్ళు టైర్లని బయటనుంచి విన్నది, కింద పడుకుని విన్నది, స్టీరింగు పట్టుకుని విన్నది. వెనక సీట్లో కూచుని ఎన్నడూ వినలేదు. చక్రం సరిగ్గా వీపు కిందే ఉంటుందక్కడ. రెండు నిమిషాలకి ఆవిడకే పళ్ళు జివ్వుమన్నాయి. ఇన్నాళ్ళూ ఎంతమంది పిల్లల వీపుల కింద ఈ మోత పెట్టానో అనుకుంది.

సేలా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, ఆ టాక్సీలోనే వచ్చే కవలపిల్లల ఇల్లు. రోడ్డు దిగి అడవిలోకి అరకిలోమీటరు పోవాలి. అక్కడ ఎవరూ నల్లరోడ్డు వెయ్యలేదు, రెండు రోజుల మంచు ట్రాక్టరు కింద అణిగి తెల్లగా గట్టిపడి ఉంది. కారు ఆ దారిలోకి తిరిగింది. మోత ఆగిపోయింది. ఆగిపోవడమంటే, ఇంజను చప్పుడు కూడా పక్కకి తప్పుకున్నట్టయింది. మేకులన్నీ మంచులో దిగి మాట్లాడకుండా పోతున్నాయి. ఇర్యా పక్కకి చూసింది. సేలా చేతులు ఒళ్ళోకి దిగాయి. రాగం ఆగింది. పిల్ల కిటికీలోంచి చెట్లు చూస్తోంది.

కవలల్ని ఎక్కించుకుని మళ్ళీ నల్లరోడ్డు ఎక్కగానే చేతులు చెవులమీదికి పోయాయి. ఇర్యా కారాపమంది. దిగి, వెనక్కి నడిచి, ఆ అడవిదారి మొదట్లో నిలబడి చూసింది. అది కవలల ఇంటితో ఆగదు. ఒకప్పుడు అడవి దుంగలు మోసిన పాత దుంగల దారి అది, కొండ వెనకనుంచి తిరిగి సరిగ్గా బడి మెరక దగ్గర తేలుతుంది. తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ. ఏరు తగలదు, కోస్కి మలుపు తగలదు, నవంబరునుంచి ఏప్రిల్‌దాకా మంచు తప్ప నల్లరోడ్డన్నమాటే లేదు. చివర బడి మెరక ఒక్కటే అందరి చక్రాలూ తిరిగి తిరిగి గాజులా అయ్యే చోటు, అక్కడ మేకులుండాల్సిందే. కానీ అది నడిచిపోయేంత నెమ్మదిగా ఎక్కే మూడు నిమిషాల పని.

ముప్ఫై అయిదేళ్ళుగా దారినిబట్టి టైరు ఎంచిన మనిషి, ఆ పూట టైరునిబట్టి దారి ఎంచింది. వేయోతో అంతే చెప్పింది. మేకులవే వేస్తాను, కొత్తవి, మెత్తటి రబ్బరువి. నువ్వు మాత్రం ఈ దారిన పోవాలి. మేకులు కుదురుకునేదాకా వాటిమీద పిల్లల్ని ఎక్కించొద్దు, వారంలో పాతవే తిప్పు, కారు ఆదివారం నాకిచ్చెయ్ అంది. రెండు ఆదివారాలు ఆవిడే ఆ కారేసుకుని మూడొందల కిలోమీటర్లు ముసలమ్మ నడకతో తిరిగింది. దారిలో జనం చూసి, ఇర్యాకి టాక్సీ ఉద్యోగం వచ్చిందా అని ఏడిపించారు.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. రాత్రి రెండడుగుల మంచు పడితే ఆ దారి తీసేదెవరు? అర్వీ. ఎప్పుడు తీస్తాడు? అన్ని దార్లూ అయ్యాక, తొమ్మిదిన్నరకి. అర్వీ అయిదింటికి లేచి ముందు తన వైపు పాల డెయిరీల దార్లు తీస్తాడు, పాల లారీ ఆరింటికొస్తుంది మరి. దుంగల దారి ఆరున్నరకల్లా తియ్యాలంటే మూడున్నరకి లేవాలి, ఏప్రిల్‌దాకా. ఇర్యా తానుగా అడగలేదు, వేయోని పంపింది. వాడు వెళ్ళి నీళ్ళు నమిలి, విషయం చెప్పాడు. అర్వీ ట్రాక్టరు మీంచి దిగకుండానే విన్నాడట.

"మూడింటికి నన్ను నిద్ర లేపడానికి నిన్ను పంపిందా? ఆ మేకుల మహారాణినే వచ్చి అడగమను" అన్నాడట.

వేయో ఆ మాట పొల్లుపోకుండా మోసుకొచ్చాడు, వాడికి అబద్ధం అతికించడం రాదు. ఇర్యా మొహం కందగడ్డయింది. కాలికింద పడ్డ బోల్టు తన్నింది. వాడికంత పొగరైతే నేనే ట్రాక్టరు కొంటాను అంది. మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, కాఫీ కూడా నిలబడే తాగింది. నాలుగోనాడు మంచు దట్టంగా కురిసింది. దుంగల దారి మూసుకుపోయింది. వేయో పిల్లల్ని నల్లరోడ్డు మీంచే తెచ్చాడు. బడి దగ్గర దింపాక కొట్టు ముందు ఆగి, కిటికీ దించి, సేలా పెదవి కొరుక్కుంది, రక్తమొచ్చింది, రేపు ఎక్కదేమో అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు టైము పావు తక్కువ తొమ్మిది. కొట్టు ముందు పద్నాలుగు కార్లు. ఇర్యా నిచ్చెన తెచ్చి గోడకి వేసింది. ఎక్కి, పదకొండేళ్ళ తుప్పుపట్టిన మేకులు ఒక్కొక్కటే పీకింది. వరసంతా తలలెత్తి చూస్తోంది. ఎవడో వెనకనుంచి "ఇర్యక్కా, మెత్త టైర్లకి క్షమాభిక్ష పెట్టావా?" అన్నాడు. ఆవిడ నిచ్చెనమీంచే తిరిగి చూసింది.

"దీన్ని ఇక్కడ తగిలించి నేను తప్పు చేశాను. మీరంతా నవ్వారు, అది మీ తప్పు. నేను ఇప్పుడు నా తప్పు దిద్దుకోవడానికి పోతున్నాను, మీది మీరు చూసుకోండి" అని, బంపరు భుజాన వేసుకుని, వ్యానులో పడేసి, కొట్టుకి తాళం వేసి వెళ్ళిపోయింది. నవంబరు మొదటివారంలో, పద్నాలుగు కార్లు నిలబెట్టి.

అర్వీ షెడ్డులో మంచు తీసే బ్లేడుకి గ్రీజు రాస్తున్నాడు. అక్క వచ్చిన అలికిడికి తలెత్తలేదు. ఇర్యా బంపరు తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఏం, గోడ కూలిందా?" అన్నాడు గ్రీజు రాస్తూనే.

"నేనే దించాను. జనం ముందే."

వాడు గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. చాలాసేపు తుడిచాడు.

"నవ్వినందుకు కాదక్కా నాకు బాధ. నవ్వితే నవ్వారు, నేనూ పందెం ఓడిపోయాను."

"మరి?"

"ఆ వేళ కారు చెట్టుకి ఆనుకుని ఉంది. నా చేతులు స్టీరింగు వదలనంటున్నాయి, వేళ్ళు విప్పలేకపోతున్నాను. నీ బండి లైట్లు కనబడ్డాయి. హమ్మయ్య, అక్క వచ్చింది అనుకున్నాను. నువ్వు దిగావు. వంగి ముందు టైరు చూశావు. బొటనవేలు పెట్టి నొక్కావు కూడా. ఆ తర్వాత నన్ను చూశావు."

ఇర్యాకి తల తీసేసినట్టయింది. ఈ కథ ఆవిడ వెయ్యిసార్లు చెప్పింది, ప్రతిసారీ టైరు దగ్గరే మొదలెట్టింది. నువ్వు నిటారుగా కూర్చునే ఉన్నావు కదరా, లైట్ల వెలుగులో కనబడ్డావు, బానే ఉన్నావనుకున్నాను అని చెప్పొచ్చు. అది అబద్ధమూ కాదు. నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ మింగిన మాట అదొక్కటే అయివుంటుంది.

"అవునురా. టైరే చూశాను. నిన్ను చూడాల్సింది" అంది.

తర్వాత ఆవిడ, నామీద కోపం నామీదే ఉంచుకో, ఆ పిల్లకి మన తగువుతో పనిలేదు అంది. అర్వీ బంపరు తిరగేసి చూశాడు, వంకర మీద చెయ్యి పెట్టాడు.

"పిల్ల నిజంగానే చేతులు దించిందా?"

"దించింది. ఒళ్ళో పెట్టుకుంది. చెట్లు చూసింది."

"మూడున్నరకి లేస్తే నా నడుం ఊరుకోదు" అన్నాడు. అవుననలేదు, కాదనలేదు, కాఫీ పోస్తాననలేదు. ఇర్యా తిరిగొచ్చేసింది. వచ్చేసరికి పద్నాలుగు కార్లలో ఒక్కటీ కదల్లేదు. పైగా వాళ్ళల్లో నలుగురు తమ జాకీలు తీసి, కార్లు పైకెత్తి, పాత టైర్లు విప్పి వరసగా పెట్టి ఉంచారు. పొద్దున నిచ్చెన దగ్గర వేళాకోళమాడినవాడు అందరికంటే ఎక్కువ విప్పాడు.

మర్నాడు పొద్దున్నే వేయో కవలల ఇంటి మలుపులోకి తిరిగి బ్రేకు వేశాడు. దుంగల దారి అంచునుంచి అంచుకి తీసి ఉంది. ఎదురు బండ్లు వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా జేబులు కూడా తీసి ఉన్నాయి. మలుపు మలుపుకీ కందకం తెలిసేలా కర్ర పాతి ఉంది. సేలా ఇంటిదగ్గర్నుంచి రెండు కిలోమీటర్లూ రాగం తీసింది, ఆ తర్వాత తియ్యలేదు. ఆ రోజునుంచి ఒక్క పూట కూడా బడి మానలేదు. కైసూ ఒక డబ్బాడు ఏలకుల బన్నులు చేసి ఇర్యాకి పంపితే, సగం విడదీసి అర్వీ ఇంటికి పంపింది. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. కడిగి పంపాడు, అదీ ఒక మాటే మా దగ్గర.

సెలవులకి పది రోజుల ముందు బడిలో మీటింగు. పిల్ల ఇక్కడుండాలా, పట్నం పోవాలా అని ఆ రోజు తేల్చేస్తారు. పిల్ల ఆ పూట నెమ్మదిగా వచ్చి కూచుని, పంతుళ్ళ ముందు ఒక పేజీ చదవాలి. సరిగ్గా ఆ రోజు తెల్లవారుజామునే వాన పడింది. డిసెంబరులో వాన. మంచు మీద నీళ్ళు, నీళ్ళ కింద గడ్డ. తెల్లటి దార్లన్నీ గాజైపోయాయి. గట్టి గాజు మీద మేకులు మళ్ళీ నోరు విప్పుతాయి. అది ఇర్యాకి తెలుసు. ఏడింటికే కొట్టు మెట్లమీద వచ్చి నిలబడింది, చీకట్లో, టోపీ లేకుండా.

ఎనిమిదీ నలభైకి కొండ వెనకనుంచి పసుపు దీపం తిరుగుతూ కనబడింది. ముందు అర్వీ ట్రాక్టరు. కింద పళ్ళున్న బ్లేడు దించి, గడ్డని దున్నుకుంటూ వస్తున్నాడు. గాజంతా గరుగ్గా, పొడిపొడిగా అయిపోతోంది. దాని వెనక, ఆ పొడి మీద, ట్రాక్టరు నడకకి తగ్గట్టు మెల్లగా వేయో టాక్సీ. నలభై కిలోమీటర్లకి పైగా అర్వీ అలాగే తెచ్చాడట, మూడింటికి వాన చప్పుడుకి లేచి. డెయిరీవాళ్ళకి ఫోను చేసి, ఈ పూట పాల లారీ ఆగుతుంది, పిల్ల ఆగదు అన్నాడట.

టాక్సీ కొట్టు దాటి మెరక ఎక్కింది. వెనక కిటికీలో సేలా. రెండు చేతులూ అద్దం మీద ఉన్నాయి, ఆవిరిపట్టిన అద్దం మీద వేలితో ఏదో గీస్తోంది. ఇర్యా కళ్ళు తుడుచుకుంది. కారు పైకి చేరి కనబడకుండా పోయాక గాని ఆవిడకి తట్టలేదు, తను ఆ కారు టైర్లు చూడనే లేదని.

మధ్యాహ్నం వేయో వచ్చి చెప్పాడు. పేజీ అడిగితే పిల్ల రెండు పేజీలు చదివిందట, ఆపమంటే ఆపలేదట. పట్నం మాట ఇంకెవరూ ఎత్తలేదు. మూడింటికే పొద్దుగూకింది. ఇర్యా ఆఖరి కారు పంపించి తలుపు వెయ్యబోతుంటే ముందు ఇంకో కారు వచ్చి ఆగింది. పదకొండేళ్ళుగా ఆ వాకిట్లోకి రాని కారు. అర్వీ దిగాడు. నడుం పట్టేసి ఒక పక్కకి వంగి ఉన్నాడు. తాళాలు చాపాడు.

"మెత్త టైర్లే వెయ్యాలి. పాతవి అరిగిపోయాయి, చూడు" అన్నాడు.

ఇర్యా కిందికి వంగలేదు. తాళాలు జేబులో వేసుకుని, దీపం కింద తమ్ముడి మొహంలోకి చూసింది.

"టైర్లెక్కడికి పోతాయిరా. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా? లోపలికి రా ముందు, చారు వెచ్చబెడతాను" అంది.